ముందు ఏ పని, ఏ రోజు ఎవరు: చిన్న యూనిట్లకు పని వరస, డ్యూటీ చార్టు ఎంచుకోవడం ఎలా?

పని పెరిగిందంటే చిన్న యూనిట్ యజమానికి మొదట తట్టే ఆలోచన ఇంకో ఇద్దరిని పెట్టుకుందామని. హైదరాబాద్‌లో ఛత్తా బజార్ ప్రెస్సులో అయినా, బాలానగర్ మెషీన్ షాపులో అయినా, కూకట్‌పల్లి రెస్టారెంటులో అయినా అదే మాట వినిపిస్తుంది. మనుషులు నిజంగానే సరిపోని చోట్లు ఉంటాయి, కాదనను. కానీ కొత్త మనిషికి జీతం ఒప్పుకునే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. చేతిలో ఉన్న ఆర్డర్లు ఏ వరసలో మెషీను ఎక్కుతున్నాయి? ఉన్న మనుషులు పని ఎక్కువగా ఉండే గంటల్లోనే డ్యూటీలో ఉంటున్నారా? వరస మార్చడానికి రూపాయి ఖర్చు లేదు. డ్యూటీ చార్టు మార్చాలంటే మనుషులతో కూర్చుని మాట్లాడితే చాలు. కొత్త జీతం మాత్రం నెలనెలా కట్టాలి.

ఈ రెండు నిర్ణయాలూ మామూలుగా వేర్వేరు చేతుల్లో ఉంటాయి. కౌంటర్‌లో ఉన్నాయన ఆర్డరు తీసుకుని డెలివరీ డేట్ చెప్పేస్తాడు. ఏ షిఫ్టులో ఎవరన్నది సూపర్‌వైజర్ చూసుకుంటాడు. ఒకరి లెక్క ఇంకొకరికి తెలియదు. నేను చెప్పేది ఇదీ: ముందు పనుల వరస తేల్చుకోండి, ఆ వరసలో పని ఎక్కడ ఆగుతోందో చూడండి, డ్యూటీ చార్టు దాన్నిబట్టి వేయండి. చార్టు ముందు వేసేసి పనిని అందులో ఇరికించే చోట ఎంతమందిని పెట్టినా చాలరు.

ఒకే మెషీను, ఆరు ఆర్డర్లు

ఛత్తా బజార్ వైపు ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉందనుకోండి. మెషీను ఒకటే. పొద్దున్న షట్టర్ ఎత్తేసరికి ఆరు ఆర్డర్లు చేతిలో ఉన్నాయి. వచ్చిన వరసలోనే రాస్తున్నాను. గంటలన్నీ మెషీను నడిచే గంటలు, గడువు ఇప్పటి నుంచి లెక్క.

బిల్లు బుక్కులు: 7 గంటల పని, గడువు 24వ గంట
మొదటి పార్టీ శుభలేఖలు: 5 గంటలు, గడువు 12వ గంట
ఫంక్షన్ హాలు కరపత్రాలు: 3 గంటలు, గడువు 9వ గంట
విజిటింగ్ కార్డులు: 1 గంట, గడువు 20వ గంట
స్కూలు డైరీలు: 8 గంటలు, గడువు 18వ గంట
రెండో పార్టీ శుభలేఖలు: 4 గంటలు, గడువు 10వ గంట

మొత్తం 28 గంటల పని. ఏ వరసలో వేసినా మెషీను 28వ గంటకే ఖాళీ అవుతుంది. ఉన్నవాటిలో ఆఖరి గడువేమో 24. అంటే ఎవరో ఒకరికి ఆలస్యం కావడం ఖాయం. ఎవరికి, ఎంత అన్నది మాత్రం మన చేతిలో ఉంది.

ముందొచ్చిన వాళ్ళకు ముందు అన్న పద్ధతిలో వేసి చూడండి. బిల్లు బుక్కులకు ఇంకా బోలెడు టైమున్నా అవే ముందు ఎక్కుతాయి. కరపత్రాలు 6 గంటలు, డైరీలు 6 గంటలు, రెండో పార్టీ శుభలేఖలు ఏకంగా 18 గంటలు ఆలస్యం. ముగ్గురు కస్టమర్లకు కలిపి 30 గంటలు. ఒక్కో ఆర్డరు సగటున 17 గంటలు ప్రెస్సులో ఉండిపోతుంది.

చిన్న పని ముందు అన్న పద్ధతిలో విజిటింగ్ కార్డులు, కరపత్రాలు, రెండో శుభలేఖలు, మొదటి శుభలేఖలు, బిల్లు బుక్కులు, డైరీలు వరసగా వస్తాయి. సగటు 12 గంటల చిల్లరకు పడిపోతుంది. సగటు సమయం ఇంతకన్నా తగ్గించే వరస ఇంకొకటి లేదు. ఒకే మెషీను ఉన్నచోట ఇది గణితంలో రుజువైన విషయం. ఆలస్యమయ్యేవి రెండే: మొదటి శుభలేఖలు ఒక గంట, డైరీలు 10 గంటలు. ఆర్డర్లు గబగబా బయటికి వెళ్తాయి కాబట్టి టేబుళ్ళ మీద సగం సగం పనులు పేరుకోవు, బిల్లు డబ్బులు త్వరగా చేతికొస్తాయి. నగదుకు కటకటగా ఉన్న ప్రెస్సుకు నేను దీన్నే ముందు చూపిస్తాను.

దీనికి ఒక పెద్ద చిక్కుంది. రోజూ కొత్త చిన్న ఆర్డర్లు వస్తూనే ఉంటాయి. అవి వచ్చినప్పుడల్లా పెద్ద ఆర్డరు వెనక్కి జరుగుతుంది. డైరీలు ఇచ్చిన స్కూలు వాళ్ళు వారం తర్వాత కూడా ‘రేపు’ అన్న మాటే వింటారు. అందుకే ఈ పద్ధతి ఎంచుకుంటే పక్కనే ఇంకో నియమం రాసుకోవాలి: మూడు రోజులు దాటి ఆగిన ఏ ఆర్డరైనా, ఎంత పెద్దదైనా, తర్వాత మెషీను ఎక్కేది అదే. మూడా నాలుగా అన్నది మీ వ్యాపారాన్నిబట్టి.

గడువు దగ్గరున్నది ముందు అన్న పద్ధతి చాలామందికి సహజంగా అనిపిస్తుంది. 1955లో జాక్సన్ అనే పరిశోధకుడు దీని బలమేమిటో తేల్చాడు: అందరికన్నా ఎక్కువ ఆలస్యమైన ఆర్డరు ఎంత ఆలస్యమవుతుందో చూస్తే, దాన్ని వీలైనంత తగ్గించేది ఈ వరసే. మన ప్రెస్సులో కరపత్రాలు, రెండో శుభలేఖలు, మొదటి శుభలేఖలు, డైరీలు, విజిటింగ్ కార్డులు, బిల్లు బుక్కులు అని వేస్తే పెళ్ళివాళ్ళిద్దరికీ టైముకు అందుతాయి. డైరీలు 2 గంటలు, విజిటింగ్ కార్డులు ఒక గంట, బిల్లు బుక్కులు 4 గంటలు ఆలస్యం. మొత్తం కలిపినా ఏడే గంటలు. కానీ మాట తప్పింది ముగ్గురి దగ్గర.

మాట తప్పే వాళ్ళ సంఖ్యే తగ్గాలంటే నాలుగో దారి ఉంది. 1968లో మూర్ చూపించిన పద్ధతి ఇది. గడువుల వరసలో ఒక్కొక్కటే పేర్చుకుంటూ రండి. ఏదైనా ఆర్డరు గడువు దాటగానే ఆగి, అప్పటిదాకా పేర్చిన వాటిలో అన్నిటికన్నా పెద్ద పనిని తీసి చివర పెట్టండి. తర్వాత మళ్ళీ కొనసాగించండి. ఇక్కడ డైరీల దగ్గర గడువు దాటుతుంది, పేర్చిన వాటిలో పెద్దదీ అదే, దాన్ని తీసేస్తే మిగతా ఐదూ టైముకు వెళ్ళిపోతాయి. ఒక్క స్కూలుకే ఆలస్యం, కాకపోతే 10 గంటలు.

ఈ పద్ధతి నాకు నచ్చడానికి కారణం లెక్క ఒక్కటే కాదు. ఎవరికి ఆలస్యమవుతుందో పొద్దున్నే తెలిసిపోతుంది. స్కూలుకు అప్పుడే ఫోన్ చేసి చెప్పొచ్చు. గడువు ముందురోజు చెబితే వినే మనిషి, గడువు దాటాక వినడు. ఇంకో మెట్టు కూడా ఎక్కొచ్చు: డైరీలన్నీ ఒకేసారి ఇవ్వాలని ఎవరన్నారు? విజిటింగ్ కార్డులు 13వ గంటకు అయిపోతాయి. అక్కడ సగం డైరీలు వేస్తే 17వ గంటకు చేతికొస్తాయి, 18వ గంట గడువులోపే సగం లాట్ పంపించొచ్చు. తర్వాత బిల్లు బుక్కులు ఎక్కిస్తే సరిగ్గా 24వ గంటకు అవుతాయి. మిగతా సగం డైరీలు 28కి. ప్లేట్లు రెండోసారి ఎక్కించే కాస్త సమయం అదనం, అంతే. మొదటి రోజు పంచడానికి సగం డైరీలు చాలని స్కూలు ఒప్పుకుంటే, పొద్దున ఆరుగురిలో ఒకరికి తప్పదనుకున్న తగవు సగానికి దిగిపోతుంది. ఒక్క మనిషిని కూడా కొత్తగా పెట్టుకోలేదు.

మరి ఏది ఎంచుకోవాలి?

నష్టం ఎక్కడ తగులుతుందో చూసి ఎంచుకోండి. కొద్దిపాటి ఆలస్యాన్ని అందరూ సర్దుకునే వ్యాపారమైతే గడువు వరస. గడువు దాటితే గంటైనా రోజైనా ఒకటే అనే చోట మూర్ పద్ధతి. ముహూర్తానికి ముందు పంచాల్సిన శుభలేఖ అలాంటిదే. పెళ్ళయ్యాక వచ్చిన కార్డు చిత్తు కాగితం. పోటీ ధరల మీద చిన్న చిన్న ఆర్డర్లతో నడిచే జిరాక్స్, డిజిటల్ ప్రింట్ దుకాణాలకు చిన్న పని ముందు అన్నదే సరైనది.

అన్ని ఆర్డర్ల విలువా ఒకటి కాకపోతే 1956లో స్మిత్ చెప్పిన సూత్రం పనికొస్తుంది. ఆర్డరు ఒక గంట ఆగితే మీకెంత నష్టమో అంచనా వేసి, దాన్ని ఆ పనికి పట్టే గంటలతో భాగించండి. ఎక్కువ వచ్చింది ముందు. నష్టానికి సరైన అంకె దొరక్కపోతే ఒకటి నుంచి ఐదు మార్కులు వేసుకున్నా సరిపోతుంది.

ముందొచ్చిన వాళ్ళకు ముందు అన్న పద్ధతిని లెక్కలు ఓడించాయి కదా అని అన్నిచోట్లా తీసేయకూడదు. మీసేవ కేంద్రంలో, డాక్టరుగారి ఓపీలో, రేషన్ షాపులో మనుషులు ఎదురుగా నిలబడి ఉంటారు. తర్వాత వచ్చినవాళ్ళను ముందు పిలిస్తే అందరూ చూస్తారు. అక్కడ న్యాయం కనపడడం సగటు సమయం కన్నా ముఖ్యం. ఆర్డరు ఇచ్చి ఇంటికెళ్ళిపోయే వ్యాపారాల్లో వరస మార్చినా కస్టమర్‌కు కనపడదు, కావలసిందల్లా చెప్పిన తేదీకి చేతికందడం. అక్కడే మిగతా పద్ధతులు.

ఇక ‘అర్జెంట్’. కౌంటర్ దగ్గర ప్రతి ఆర్డరూ అర్జెంటే. రోజులో ఒకటో రెండో గంటలు ముందే ఖాళీగా పెట్టి, ఆ గంటలకు ఎక్కువ రేటు ప్రకటించండి. ఎవరిది నిజమైన అర్జెంటో రేటు వినగానే తేలిపోతుంది, ఖాళీ గంట నిండితే అదనపు అర్జెంటు ఆ రోజు ఒప్పుకోకూడదు. మధ్యలో దూరే ఒక్క ఆర్డరు వెనకున్న అన్నిటినీ అన్ని గంటలు జరుపుతుందని సిబ్బందికి తెలిసినంతగా మాట ఇచ్చేవాళ్ళకు తెలియదు.

పై లెక్కల్లో ఒకటి వదిలేశాను: సెటప్, అంటే ఒక పని నుంచి ఇంకో పనికి మెషీనును సిద్ధం చేసుకోవడం. సింగిల్ కలర్ మెషీను మీద నలుపు తర్వాత పసుపు వేయాలంటే రోలర్లు శుభ్రంగా కడగాలి. పసుపు తర్వాత నలుపుకు అంత కడుగుడు అక్కర్లేదు. అందుకే లేత రంగుల నుంచి ముదురు రంగులకు, ఒకే సైజు కాగితం అంతా ఒకేసారి అన్నది ప్రెస్సువాళ్ళు తరతరాలుగా పాటిస్తున్న పద్ధతి. గడువులు కచ్చితంగా పాటిస్తే ఈ గుంపు చెదిరి సెటప్‌లు పెరుగుతాయి. రోజు మొత్తంలో సెటప్‌కే రెండు గంటలు పోతున్నాయంటే గుంపులుగానే వేయండి, గుంపు లోపల మాత్రం గడువు చూడండి. అరగంటకు మించి పోవడం లేదంటే సెటప్ గురించి టెన్షన్ పడకుండా గడువు వెంట వెళ్ళండి.

రెండు మెషీన్లు దాటాల్సిన పనులు

ప్రింటింగ్ అయ్యాక ఫాయిలింగ్ (మెరిసే రేకు అద్దడం) లేదా లామినేషన్, తర్వాత డెలివరీ. ప్రతి పనీ ఇదే దారిలో వెళ్ళేటప్పుడు రెండో మెషీను ఖాళీగా కూర్చోకుండా చూడాలి. 1954లో జాన్సన్ ఇచ్చిన నియమం ఇప్పటికీ దీనికి తిరుగులేని జవాబు. అన్ని పనుల అన్ని సమయాల్లో అతి చిన్న అంకె వెతకండి. అది మొదటి మెషీనుదైతే ఆ పని వరసలో ముందుకి, రెండో మెషీనుదైతే చివరికి. దాన్ని కొట్టేసి మళ్ళీ అదే చేయండి.

నాలుగు పనులు తీసుకుందాం. మొదటిది ప్రింటింగ్ 4 గంటలు, ఫాయిలింగ్ 1. రెండోది 1, 5. మూడోది 3, 4. నాలుగోది 5, 3. వచ్చిన వరసలో వేస్తే అన్నీ ముగిసేది 17వ గంటకు. పొరపాటున ఒకటి, నాలుగు, మూడు, రెండు అని వేస్తే 21 గంటలు పడుతుంది. జాన్సన్ వరస రెండు, మూడు, నాలుగు, ఒకటి. 14 గంటలకు మొత్తం పూర్తి. అవే మెషీన్లు, అవే మనుషులు, ఏడు గంటల తేడా. ఏడు గంటలంటే దాదాపు ఒక షిఫ్టు.

మెషీన్లు మూడుకు పెరిగితే ఈ నియమం కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప పనిచేయదు. బాలానగర్, జీడిమెట్ల షాపుల్లో ఒక పార్ట్ టర్నింగ్‌కు వెళ్ళి, మిల్లింగ్‌కు వెళ్ళి, హీట్ ట్రీట్‌మెంట్‌కు బయటికి పోయి, తిరిగొచ్చి గ్రైండింగ్ ఎక్కుతుంది. అన్ని పార్టులూ ఒకే దారిలో వెళ్ళవు కూడా. అక్కడ నేను సూచించేది క్రిటికల్ రేషియో. గడువుకు మిగిలిన రోజుల్ని, చేయాల్సిన పనికి పట్టే రోజులతో భాగించడమే. తక్కువ వచ్చింది ముందు. ఒక జాబ్‌కు 6 రోజుల గడువు, 4 రోజుల పని: ఒకటిన్నర. ఇంకోదానికి 10 రోజుల గడువు ఉన్నా 11 రోజుల పని మిగిలింది: ఒకటికన్నా తక్కువ. గడువు మాత్రమే చూసేవాడు మొదటిదాన్ని పట్టుకుంటాడు. నిజంగా మునిగిపోతున్నది రెండోది. రోజూ పొద్దున్న జాబ్ కార్డుల మీద ఈ అంకె తిరిగి రాయాలి, లేకపోతే రెండు రోజుల్లో దానికి అర్థం పోతుంది. హీట్ ట్రీట్‌మెంట్ బయట చేయించేవాళ్ళు అక్కడ ఆగే రోజుల్ని కూడా పనిలో కలుపుకోవాలి. చాలామంది మర్చిపోయేది దీన్నే.

ఏ పద్ధతి వాడినా కొద్దిరోజుల్లో ఒక మెషీను ముందు మాత్రం ట్రేలు పేరుకుంటూనే ఉంటాయి. అదే బాటిల్‌నెక్. మొత్తం షాపు నుంచి బయటికొచ్చే పని ఆ మెషీను నడిచినంతే. పని వరస అక్కడికి సరిగ్గా ఉంటే చాలు, మిగతా మెషీన్ల ముందు కాస్త అటూ ఇటూ అయినా పెద్ద నష్టం లేదు. డ్యూటీ చార్టు మొదలవ్వాల్సింది కూడా ఇక్కడే.

బాటిల్‌నెక్ దగ్గర మనిషి

గ్రైండింగ్ మెషీను షాపుకు బాటిల్‌నెక్ అనుకుందాం. అరగంట భోజనం, పావుగంట చొప్పున రెండు టీలు. ఆపరేటర్ లేచిన ప్రతిసారీ మెషీను ఆగితే రోజుకు గంట. నెలకు 26 పని దినాలంటే 26 గంటలు, మూడు షిఫ్టులకు పైనే. భోజనానికి, టీకి వెళ్ళినప్పుడు నడపగలిగిన రెండో మనిషిని తయారుచేసి, వాళ్ళిద్దరి భోజనం, టీ వేళలు ఒకేసారి పడకుండా జరిపితే ఆ 26 గంటలూ తిరిగొస్తాయి. కొత్త మెషీను కొనే ముందు, కొత్త షిఫ్టు పెట్టే ముందు చేయాల్సిన పని ఇది. వీక్లీ ఆఫ్ ఇచ్చేటప్పుడు కూడా ఆ మెషీను తెలిసిన ఇద్దరికీ ఒకే రోజు పడకూడదు. ఆపరేటర్ విశ్రాంతి మాత్రం తగ్గించొద్దు. ఆగకుండా ఉండాల్సింది మెషీను, మనిషికి భోజనం భోజనమే.

వారం లెక్క: ఫుల్‌టైమ్, పార్ట్‌టైమ్

ఇప్పుడు రెస్టారెంటుకు వద్దాం. కూకట్‌పల్లి వైపు ఒక ఫ్యామిలీ రెస్టారెంటులో వెయిటర్లు సోమ, మంగళవారాల్లో ఆరుగురు, బుధ, గురువారాల్లో ఐదుగురు, శుక్రవారం ఆరుగురు, శనివారం ఎనిమిది మంది, ఆదివారం తొమ్మిది మంది కావాలి. మొత్తం 45 డ్యూటీలు. మనిషికి వారానికి ఆరు డ్యూటీలు.

అందరూ ఫుల్‌టైమ్ అయితే ఆదివారం కోసం తొమ్మిది మందిని పెట్టుకోవాలి. తొమ్మిది ఆర్లు 54. వారానికి తొమ్మిది డ్యూటీల జీతం ఎక్కువ కడుతున్నట్టు. బుధవారం మధ్యాహ్నం బల్లల దగ్గర ఖాళీగా నిలబడేది ఈ అదనమే.

ఏడుగురు ఫుల్‌టైమ్ పెట్టి, వీక్లీ ఆఫ్‌లు సోమ, మంగళ, శుక్రవారాల్లో ఒక్కొక్కరికి, బుధ, గురువారాల్లో ఇద్దరేసికి ఇస్తే ఐదు రోజులూ అంకె సరిగ్గా కుదురుతుంది. శనివారం ఒక పార్ట్‌టైమ్, ఆదివారం ఇద్దరు. 42కు 3 కలిపితే 45. కాగితం మీద ఇంతకన్నా చక్కగా కుదరదు.

కానీ ఈ చార్టులో ఫుల్‌టైమ్ వాళ్ళెవరికీ ఎప్పటికీ ఆదివారం సెలవు రాదు. పిల్లలకు బడి లేని రోజు, చుట్టాలింట్లో ఫంక్షన్లు పడే రోజు అదే. ఇలా నడిపే చోట మంచి మనిషి ఆరు నెలల్లో పక్క హోటల్‌కు వెళ్ళిపోతాడు. ఆదివారం ఇంకో పార్ట్‌టైమ్ మనిషిని తీసుకోండి. వారానికి ఒకరికి ఆదివారం ఆఫ్ వస్తుంది, ఏడు వారాలకొకసారి అందరికీ వంతు తిరుగుతుంది. వారం మధ్యలో ఒక డ్యూటీ మిగులుతుంది, దాన్ని స్టోర్ సర్దడానికో కొత్తవాళ్ళకు నేర్పడానికో వాడుకోండి. ఒక్క డ్యూటీ కూలీతో ఇంత మేలు కొనుక్కోవడం ఈ వ్యాసంలోని అన్ని ఎంపికల్లో నేను కళ్ళు మూసుకుని సిఫార్సు చేసేది.

ఓటీ (ఓవర్‌టైమ్) సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కార్మిక చట్టాల ప్రకారం వారానికి 48 గంటలు పరిమితి, దాటిన గంటలకు రెట్టింపు వేతనం. ఎప్పుడో పండగకు నాలుగు రోజులు ఓటీ చేయించడం చవకే, మనిషిని వెతికి నేర్పే శ్రమ తప్పుతుంది. ప్రతి శని, ఆదివారాలూ ఓటీ పడుతోందంటే రెట్టింపు రేటుకు అలసిన మనిషిని కొంటున్నారన్నమాట. అక్కడ పార్ట్‌టైమే మేలు.

ఒకే రోజులో: స్ప్లిట్ షిఫ్టా, జరిపిన షిఫ్టులా?

రెస్టారెంటుకు మధ్యాహ్నం ఒక రద్దీ, రాత్రి ఒక రద్దీ. మధ్యలో నాలుగు నుంచి ఏడు దాకా ఖాళీ. యజమానికి స్ప్లిట్ షిఫ్టు లాభం: మధ్యాహ్నం నాలుగు గంటలు, రాత్రి నాలుగు గంటలు. సిబ్బంది హోటల్ ఇచ్చిన రూములోనో నడిచి వెళ్ళే దూరంలోనో ఉంటే ఇది నడుస్తుంది. ఘట్‌కేసర్ నుంచో మేడ్చల్ నుంచో వచ్చే మనిషికి ఆ మూడు గంటలు ఇంటికి వెళ్ళి రావడానికి చాలవు, రోడ్డు మీదే గడిచిపోతాయి. పొద్దున బయల్దేరినవాడు అర్ధరాత్రి ఇల్లు చేరతాడు, జీతం ఎనిమిది గంటలకే వస్తుంది. వాళ్ళకు 11 నుంచి 7, 3 నుంచి 11 అని జరిపిన షిఫ్టులు వేయండి. మధ్యలో కలిసే గంటల్లో శుభ్రం చేయడం, కూరగాయలు తరగడం అయిపోతాయి. రాత్రి షిఫ్టు ముగిసే వేళ ఆఖరి మెట్రో, ఆఖరి బస్సు అందేలా చూసుకోవాలి. పదిహేను నిమిషాలు ముందు వదిలితే ఆటో డబ్బులు మిగిలే మనిషి, ఆ పావుగంటను మీకు ఇంకోలా తిరిగిస్తాడు.

డయాగ్నస్టిక్ సెంటర్లలో రద్దీ ఇంకా పదును. పరగడుపు రక్త పరీక్షల కోసం ఉదయం ఆరున్నర నుంచి పది దాకా జనం. తొమ్మిదింటికి అందరూ వచ్చే జనరల్ షిఫ్టు అక్కడ అసలు పనికిరాదు. సగం మందిని ఆరింటికి, మిగతావాళ్ళను పదింటికి వేసే షిఫ్టు ఎంచుకోవాలి. కౌంటర్‌లో మనిషి ఎప్పుడూ ఖాళీ లేకుండా ఉండడం మంచి ప్లానింగ్ అనుకునేవాళ్ళ కోసం ఒక లెక్క. జనం వచ్చే తీరూ, ఒక్కొక్కరికి పట్టే సమయమూ అంచనాకు అందకుండా మారే ఒంటి కౌంటర్‌లో, సగటున మనిషికి 5 నిమిషాలు పడుతుందనుకోండి. కౌంటర్ 80 శాతం బిజీగా ఉంటే సగటున 20 నిమిషాలు ఆగాలి. 90 శాతమైతే 45 నిమిషాలు. 95 శాతమైతే గంటన్నర దాటుతుంది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల కోసం డెన్మార్క్‌కు చెందిన ఎర్లాంగ్ 20వ శతాబ్దం మొదట్లో వేసిన పునాది మీదే ఇవాళ కాల్ సెంటర్ల సీట్ల లెక్కలు నడుస్తున్నాయి. పరగడుపున షుగర్ పేషెంటు నిలబడే చోట కౌంటర్‌లో కొంత ఖాళీ ఉండి తీరాలి. దాన్ని వృథా అనుకోకండి.

నైట్ షిఫ్టు: స్థిరంగానా, మార్చి మార్చా?

రాత్రి పనిని కొందరికే శాశ్వతంగా ఇవ్వడం ఒక పద్ధతి. అందరికీ తిప్పడం ఇంకోటి. ఇష్టపడి ఒప్పుకునేవాళ్ళు ఉండి, రాత్రికి అదనపు అలవెన్సు ఇస్తే స్థిరమైన నైట్ షిఫ్టు నడుస్తుంది. ఎవరూ ఒప్పుకోకపోతే తిప్పక తప్పదు. తిప్పేటప్పుడు ఉదయం, సాయంత్రం, రాత్రి అని ముందుకే తిప్పండి. నిద్రను ఆలస్యం చేసుకోవడం శరీరానికి తేలిక, రోజూకన్నా త్వరగా నిద్రపోవడం కష్టం. రాత్రి నుంచి సాయంత్రానికి, అక్కణ్ణుంచి ఉదయానికి వెనక్కి తిప్పే చార్టుల్లో మనుషులు నిద్రలేక తూలుతుంటారు. రాత్రి షిఫ్టు దిగిన మనిషిని మర్నాడు ఉదయం షిఫ్టుకు పిలవడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. మహిళలను రాత్రి వేస్తే వాళ్ళ సమ్మతి, ఇంటిదాకా రవాణా, భద్రత యజమాని బాధ్యతలు.

గచ్చిబౌలి, మాదాపూర్‌లలో అమెరికా క్లయింట్లకు పనిచేసే టీములకు ఇంకో మెలిక ఉంది. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. మార్చిలో, నవంబరులో అక్కడి గడియారం మారినప్పుడు షిఫ్టుతోపాటు క్యాబ్ రూట్లు కూడా గంట జరగాలి. ఆ రెండు తేదీలూ చార్టులో ఏడాది ముందే రాసి పెట్టుకోవాలి.

ఊరి క్యాలెండర్

హైదరాబాద్‌లో పోయిన ఏడాది చార్టును అదే తేదీలకు తిరిగి వాడడం కుదరదు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. హలీం అమ్మేచోట ఇఫ్తార్ వేళకు జనం విరగబడతారు, సరిగ్గా అప్పుడే ఉపవాసం ఉన్న సిబ్బంది ఇఫ్తార్‌కు కూర్చోవాలి. ఆ అరగంటకు ఉపవాసం లేనివాళ్ళనో తాత్కాలిక మనుషులనో ముందే వేసుకోవాలి. అధిక మాసం, మూఢం పడితే పెళ్ళిళ్ళ సీజనే కదిలిపోతుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ప్రెస్సు ఖాళీ అనుకోవద్దు, శ్రావణం ముహూర్తాల శుభలేఖలు ఆషాఢంలోనే మెషీను ఎక్కుతాయి. బోనాలకు ఊరెళ్ళే సెలవులూ అప్పుడే. గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు. ఆ రోజు డెలివరీలు పెట్టుకోకుండా ముందురోజుకు జరిపి, దూరం నుంచి వచ్చేవాళ్ళకు ఆఫ్ ఇచ్చేస్తే సరి.

దేంతో ప్లాన్ చేయాలి?

పదిమందిలోపు మనుషులు, రెండు మూడు మెషీన్లు ఉంటే గోడమీద వైట్‌బోర్డు చాలు. ఆర్డరుకో కార్డు, మెషీనుకో వరస. అందరికీ కనపడుతుంది, చేత్తో జరపొచ్చు. పది దాటితే ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్. ఒక షీటులో గంటలవారీగా ఎంతమంది కావాలో, పక్కన ఎంతమంది ఉన్నారో రాసి, తక్కువైన గడి ఎర్రగా మారేలా పెట్టుకోండి. చార్టు కనీసం రెండు వారాల ముందు వాట్సాప్ గ్రూపులో ఉండాలి. డ్యూటీలు మార్చుకోవాలంటే ఇద్దరూ ఒప్పుకుని ముందురోజు సాయంత్రంలోగా చెప్పాలి. ఎవరికీ వరసగా రెండు షిఫ్టులు పడకూడదు.

సాఫ్ట్‌వేర్ కొనాల్సింది షిఫ్టులు మూడు అయి, ఒక్కో మనిషికి వచ్చిన పని వేరువేరుగా ఉండి, చార్టు వేయడానికే సూపర్‌వైజర్‌కు వారంలో ఒక పూట పోతున్నప్పుడు. కొనే ముందు మీ అసలు ఆర్డర్లు, అసలు మనుషుల పేర్లతో ఒక పూర్తి నెల నడిపి చూడండి. మధ్యలో ఒకరు సెలవు పెడితే, ఒక మెషీను ఆగిపోతే చార్టును ఎంతసేపట్లో తిరిగి వేసి ఇస్తుందో గమనించండి. అలాంటి ట్రయల్ ఇవ్వని కంపెనీతో ఏడాది ఒప్పందం రాసుకోవద్దు.